గంధపు పూవుకు వాసన ఉండదు, పిల్లలూ!

చిన్నారులకు తాతయ్య దీవెనలు.

"గంధపు చెట్టు కింద ఇంతసేపు నిలబడ్డాం, వాసనే రాలేదేంటి తాతయ్యా?" అని మీరు అడిగిన ప్రశ్నకు ఆ రోజు సగమే చెప్పాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

ఆకు నలిపినా, పూవును ముక్కు దగ్గర పెట్టుకున్నా గంధం వాసన రాదు. అదంతా కాండం నడుమ ఉండే చేవలోనూ, వేళ్లలోనూ ఉంటుంది. చేవ కట్టడానికి ఏళ్లు పడుతుంది. పూత మాత్రం మూడు నాలుగేళ్ల మొక్కకే వస్తుంది. సాధారణంగా ఏడాదికి రెండుసార్లు పూస్తుంది: ఎండలు ముదిరే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒకసారి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మరోసారి. నేలను బట్టి, వానను బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. (ఎర్రచందనం వేరే చెట్టు. అది చిక్కుడు కుటుంబానిది. రెండూ ఒకటేనని ఎవరైనా అంటే నమ్మకండి.)

ఈసారి పూత వచ్చినప్పుడు భూతద్దం పట్టుకెళ్లండి. పూవు కందిగింజ కన్నా పెద్దదేం కాదు. రేకుల్లా నాలుగు తమ్మెలు, వాటి ముందు నాలుగు కేసరాలు, నడుమ చిన్న గిన్నె, అందులో తళతళలాడే తేనె. విచ్చుకున్నప్పుడు ఎండుగడ్డి రంగులో ఉంటుంది, తర్వాత ముదిరి వంగపండు ఛాయకు తిరుగుతుంది. అందుకే ఒకే గుత్తిలో రెండు రంగులూ కనిపిస్తాయి. నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

ఆ గిన్నెకు లోతు లేదు కాబట్టి పొడవాటి నాలుక లేని పురుగులకు కూడా తేనె అందుతుంది. తేనెటీగలు, చిన్న చిన్న ఈగలు, కందిరీగలు, సీతాకోకచిలుకలు, చీమలు అన్నీ వస్తాయి. వాటి అవసరం ఈ చెట్టుకు చాలా ఉంది. చాలా గంధపు చెట్లకు తమ పుప్పొడి తమకే పనికిరాదు, ఇంకో చెట్టు నుంచి రావాలి. చీమ తాను ఎక్కిన చెట్టు మీదే ఎక్కువగా తిరుగుతుంది. రెక్కలున్నవాళ్లే ఆ చెట్టు దగ్గర నుంచి ఈ చెట్టుకు పుప్పొడి మోయగలరు. చుట్టుపక్కల తోడు లేని ఒంటరి చెట్టు విరగబూసినా, పూతంతా రాలిపోవడం నేను చూశాను.

ఇంకొక సంగతి చెప్పాలి. గంధపు మొక్క వేళ్లు పక్క మొక్కల వేళ్లను పట్టుకుని నీళ్లు, పోషకాలు లాక్కుంటాయి. అందుకే లేత మొక్కల పక్కన కంది వేస్తారు. ఒక ఏడాది ఆ కందికి పురుగు పడితే కంగారుపడి పొద్దున్నే, తేనెటీగలు మూగే వేళకే మందు కొట్టించాను. పక్కన గంధం నిండుగా పూసి ఉంది. ఆ ఏడు కాయలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని పడ్డాయి. ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది. అప్పటి నుంచి పూత ఉన్నన్నాళ్లూ మందు జోలికి పోను. మరీ తప్పకపోతే తేనెటీగలు గూటికి చేరాక, పొద్దు వాలాకే.

పూత నిలిస్తే పచ్చటి చిన్న కాయలు కాస్తాయి, పండితే నల్లగా మారతాయి. లోపల ఒక్కటే గింజ. కోకిలలు, పికిలి పిట్టలు గుజ్జు తిని గింజను దూరంగా వదిలేస్తాయి.

ఎండ బాగా పడే వేళ ఒక్క గుత్తి ముందు అరగంట కదలకుండా కూర్చోండి. ఏయే పురుగులు వచ్చాయో, ఏది ఎంతసేపు ఆగిందో కాగితం మీద రాసి నాకు పంపండి. పేర్లు తెలియకపోతే బొమ్మ గీసినా చాలు.

మీ తాతయ్య