బానెట్ కింది అందం, ఇంజిను ఊపిరి

దసరా నాడు బండిని కడిగి, బానెట్ ఎత్తి ఇంజినుకు కూడా పసుపు కుంకుమ పెట్టే ఇళ్లు విజయనగరంలో ఇప్పటికీ ఉన్నాయి. అలా ఎత్తిన బానెట్ కింద అంతా మెరుస్తూ కనిపించాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఆ మెరుపు కోసం కొందరు మొట్టమొదట పీకించేది ఇంజిను పైమూత అయిన ట్యాపెట్ కవరు నుంచి ఎయిర్ ఫిల్టరు వైపు పోయే నల్లని రబ్బరు పైపును. నాకు తెలిసిన ఒక యువకుడు తన పెట్రోలు కారుకు ఆ పైపు తీయించి, ట్యాపెట్ కవరు రంధ్రం మీద క్రోమ్ పూత వేసిన చిన్న ఫిల్టరు బిగించి, రెండో వైపు రంధ్రానికి బిరడా కొట్టించాడు. మూడు నెలలు తిరగకముందే ఆ క్రోమ్ చుట్టూ నూనె జిడ్డు పట్టింది, జిడ్డు మీద ఎర్రదుమ్ము పేరుకుంది, బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజిను ఒకసారి లేస్తూ ఒకసారి పడుతూ తిరగసాగింది. అందం కోసం చేసిన పని ముందుగా చెడగొట్టింది అందాన్నే.

సిలిండరులో మంట రేగినప్పుడు పుట్టే పీడనాన్ని పిస్టన్ రింగులు ఎంత గట్టిగా ఆపినా, రింగు కొసల మధ్య సందులోంచి కొంత వాయువు కిందికి జారి, ఇంజిను అడుగున ఉండే క్రాంక్ కేసు అనే పెట్టెలోకి చేరుతుంది. మన మెకానిక్కులు దీన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు. 1200 సీసీ ఇంజిను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతూ నిండుగా గాలి పీల్చితే, అది నిమిషానికి 1800 లీటర్లవుతుంది. అందులో నూటికి ఒక వంతు రింగులు దాటినా నిమిషానికి 18 లీటర్లు, అంటే దాదాపు ఒక బకెట్టు నిండా. ఇంత వాయువు నిమిష నిమిషానికీ వచ్చి చేరుతున్న పెట్టెకు దారి మూసేస్తే, అది క్రాంక్ షాఫ్టు ఆయిల్ సీలునో, ట్యాపెట్ కవరు ప్యాకింగునో, నూనె మట్టం చూసే డిప్‌స్టిక్ గొట్టాన్నో తోసుకుని నూనెతో సహా బయటపడుతుంది.

ఆ వాయువులో కాలని పెట్రోలు ఆవిరి, ఆమ్లాలు, అన్నింటికంటె ఎక్కువగా గమనించవలసిన నీటి ఆవిరి ఉంటాయి. ఒక లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు ఒక లీటరు నీరు పుడుతుందంటే చాలామంది నమ్మరు గాని, రసాయన శాస్త్రం లెక్క అదే. ఎక్కువ భాగం సైలెన్సరు ద్వారా పోతుంది, కొద్ది భాగం మాత్రం రింగులు దాటి కిందికి వస్తుంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి నుంచి అరసవల్లి గుడికి వెళ్లి వచ్చినంత మాత్రాన ఇంజిను నూనె పూర్తిగా వేడెక్కదు. మార్గశిర మాసపు చలి ఉదయాల్లోనైతే అసలే వేడెక్కదు. రోజూ ఇలాంటి పొట్టి ప్రయాణాలే చేసే బండి ఆయిల్ క్యాపు విప్పితే లోపల వెన్నలాంటి తెల్లని నురగ కనిపించేది అందుకే. ఆ తేమను గాలి ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోకపోతే నూనె చిక్కని మడ్డిగా మారి, సన్నని నూనె దారులను పూడ్చేస్తుంది.

పూర్వపు ఇంజిన్లలో ఈ వాయువును ఒక గొట్టం ద్వారా బండి అడుగుకు వదిలేసేవారు. బండి పరుగెత్తుతున్నప్పుడు గొట్టం కొస దగ్గర పుట్టే కొద్దిపాటి పీల్పుతో అది పనిచేసేది, బండి ఆగితే పీల్పూ ఆగేది. లాస్ ఏంజిలిస్ నగరాన్ని కమ్మిన విషపు పొగకు కార్లే ప్రధాన కారణమని తేలిన తరువాత, 1961లో కాలిఫోర్నియా రాష్ట్రం ఈ వాయువును తిరిగి ఇంజినులోకే పంపి కాల్చే పీసీవీ (పాజిటివ్ క్రాంక్ కేస్ వెంటిలేషన్) పద్ధతిని తప్పనిసరి చేసింది. మన భారత్ స్టేజ్ కాలుష్య పరీక్షల్లో కూడా పెట్రోలు బండి క్రాంక్ కేసు వాయువు బయటికి రాకూడదన్నది ఒక అంశం.

ఈ పద్ధతిలో సాధారణంగా రెండు దారులుంటాయి. ఒకటి ఫిల్టరు దాటిన శుభ్రమైన గాలిని ఇంజినులోకి తెస్తుంది. రెండోది పీసీవీ వాల్వు ద్వారా లోపలి వాయువును, సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డులోకి లాగుతుంది. వాల్వులోని స్ప్రింగు, చిన్న ముల్లు కలిసి, పీల్పు ఎక్కువగా ఉన్నప్పుడు దారిని సన్నం చేస్తాయి, తగ్గినప్పుడు వెడల్పు చేస్తాయి. సాలూరు ఘాటులో నిండు బరువుతో పైకి ఎక్కుతున్న కారును ఊహించుకోండి. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి ఉన్నందువల్ల మానిఫోల్డులో పీల్పు దాదాపు ఉండదు, రింగులు దాటే వాయువు మాత్రం అప్పుడే గరిష్ఠంగా ఉంటుంది. అప్పుడు మిగిలిన వాయువు, గాలి తెచ్చే పైపులోనే వెనక్కి తిరిగి ఫిల్టరు వైపు పోతుంది. ఆ యువకుడు వట్టి రబ్బరు ముక్క అనుకుని తీయించింది ఈ పైపునే. పైగా గాలిని కొలిచే సెన్సరు ఉన్న బండిలో, సెన్సరును దాటకుండా ఆ చిన్న ఫిల్టరులోంచి చొరబడిన గాలి లెక్కకు రాదు, ఇంజిను నిలకడ తప్పుతుంది.

మరి అందం సంగతేమిటి? పైపు రెండు కొసలూ ఉన్నచోటనే ఉంచి, మధ్య దారిని మార్చుకోవచ్చునన్నది నా స్థిరమైన అభిప్రాయం. ఇంజిను వెనుక గోడ వెంబడి తిప్పితే పైపు కంటికి కనిపించదు. లోపలి వ్యాసం తగ్గకూడదు, ఎక్కడా నీరు నిలిచేటట్టు ఉయ్యాలలా వేలాడకూడదు, సైలెన్సరు మానిఫోల్డుకు తగలకూడదు. తోటకు నీళ్లు పెట్టే పైపు ముక్క ఎట్టి పరిస్థితుల్లోనూ పనికిరాదు, ఎందుకంటే అది నూనెకు ఉబ్బి, వేడికి మెత్తబడి, పీల్పుకు చదునవుతుంది. నూనెను తట్టుకునే నైట్రైల్ రబ్బరు పైపు గాని, వంపు తిప్పి రంగు వేయించిన లోహపు గొట్టం గాని వాడాలి. నూనె తుంపరలను పట్టే డబ్బా పెట్టదలిస్తే, లోపల అడ్డుపలకలు ఉన్నది ఎంచుకుని, మూతి గాలికి తెరిచి పెట్టకుండా పైపును తిరిగి ఇన్‌టేకుకే కలపాలి, నిండకముందే ఖాళీ చేస్తూ ఉండాలి.

పని పూర్తయ్యాక బండిని కదలనీయకుండా ఇంజినును నడుస్తూ ఉంచి, గాలి తెచ్చే పైపును వేళ్లతో నొక్కిపట్టి, ఆయిల్ క్యాపు తీసిన చోట పలుచని కాగితం పెట్టి చూడాలి. కాగితం మెల్లగా లోపలికి అతుక్కుంటే లోపల పీల్పు సరిగా ఉన్నట్టు. పైకి లేచిపోతే వాల్వు పూడుకుపోయి ఉండాలి, లేదా రింగులు అరిగి ఉండాలి. వాల్వును విప్పి చెవి దగ్గర ఊపితే ముల్లు గలగలమనాలి, మూగగా ఉంటే మార్చవలసిందే.