పైడిరాజు ఏ ఇంటివాడు?

విజయనగరంలో ఇంజనీరింగ్ చదువుతున్న ఒకమ్మాయి అడిగింది: “మండలాలవారీ వర్షపాతం ఎక్స్‌ఎమ్‌ఎల్ (ప్రతి వివరానికీ పేరున్న ట్యాగు తొడిగిన) ఫైలులో ఉంది. వాన అంకెలు మాత్రం తీయాలని ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ (ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను కావలసిన రూపంలోకి మార్చే భాష)లో ప్రోగ్రాం రాశాను. వర్షపాతం/మండలం/వాన, దారి సరైనదే. తప్పు ఉందని చెప్పదు, ఒక్క అంకే రాదు. ఫైలు పాడైందా సార్?”

పాడవలేదు. మొదటి ట్యాగులోనే నేమ్‌స్పేస్ ప్రకటన (లోపలి ట్యాగుల పేర్లు ఏ జాబితాకు చెందినవో చెప్పే మాట) ఉంది. నేను దాన్ని ఇంటిపేరు అంటాను.

పైడితల్లమ్మ పేరు పెట్టుకున్న పైడిరాజులు మన వైపు వీధికి నలుగురు. పేరొక్కటే చెప్పి అడిగితే “ఏ ఇంటోళ్లు?” అంటారు. ఫైలులో గుమ్మం మీద ఇంటిపేరు ఒకసారి రాసి ఉంటుంది, లోపలున్న ట్యాగులన్నిటికీ అదే వర్తిస్తుంది. ఇలాంటి దారులను చదివే, 1999లో వచ్చిన ఎక్స్‌పాత్ 1.0 మాత్రం ఉత్త ‘వాన’ అంటే “ఇంటిపేరే లేని వాన” అని అర్థం చేసుకుంటుంది. అలాంటిది ఆ ఇంట్లో లేదు. అందుకే ఖాళీ.

మూసలో, అంటే ‘ఈ ట్యాగు కనిపిస్తే ఇలా చెయ్యి’ అనే నియమంలో, ‘మండలం’ అని రాసినా తగలదు. అప్పుడు ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ తన సొంత నియమాలతో లోపలికి దిగి, కనిపించిన పాఠాన్నంతా బయటకు పోస్తుంది. మండలాల పేర్లూ అంకెలూ ఒకే ముద్ద! ఇది చూసి కొందరు దిష్టి తీసినట్టు ఆ నేమ్‌స్పేస్ వరుసనే ఫైలులోంచి పీకేస్తారు. వద్దు. రేపు కొత్త ఫైలు వస్తే మళ్లీ అదే తంతు. క్లాసులో ఈ పాఠం దాటేయడం నాకు నిజంగా బాధ.

చేయాల్సింది ఇది: ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఫైలులో, అంటే స్టైల్‌షీట్‌లో అదే ఇంటిపేరుకు ఒక పొడి అక్షరం కట్టి, వ:వర్షపాతం/వ:మండలం/వ:వాన అని అడగాలి. అక్షరం ఏదైనా పరవాలేదు. జి. పైడిరాజు గేదెల వారో గొర్లె వారో ‘జి’ చెప్పదు కదా, పూర్తి ఇంటిపేరే చెప్పాలి. ఆ పూర్తి పేరు వెబ్ చిరునామాలా కనిపిస్తుంది కానీ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని నడిపే ప్రాసెసర్ అక్కడికి వెళ్లి చూడదు, అక్షరం అక్షరం పోల్చుతుంది. చివర ఒక్క ఏటవాలు గీత ఎక్కువైనా వేరే ఇల్లే. 2007 నాటి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 2.0లో, పొడి అక్షరం లేని పేర్లకు ఏ ఇంటిపేరు అనుకోవాలో ముందే చెప్పే వీలుంది. బ్రౌజర్లు సొంతంగా 1.0 దాటి వెళ్లలేదు.

మండలం ట్యాగులోనే రాసిన అదనపు వివరం, అంటే ‘తేదీ’ ఆట్రిబ్యూట్‌కు మాత్రం వ: తగిలించకూడదు. ఇల్లరికపు అల్లుడిలా ఆ ఇంట్లోనే ఉంటుంది, గుమ్మం మీది ఇంటిపేరు దానికి రాదు.