కంచ నేలకూ ఒక పూర్తి పేరుంది

మెదక్ జిల్లాలో మేతకు విడిచిన ఒక కంచ అంచున, రోడ్డు పనికి మొరం తవ్వుకుపోయిన గుంత ఉంది. లోతు మనిషి నిలువుకు కాస్త తక్కువ. అలాంటి గుంత కనబడితే దిగి చూడకుండా ఉండలేను. నేల శాస్త్రజ్ఞులు కూలీలను పెట్టి తవ్వించుకునే నిలువుకోత అక్కడ సిద్ధంగా ఉంటుంది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడే వేళ దిగితే పొరలు మరింత విడివిడిగా కనిపిస్తాయి.

అన్నిటికన్నా పైన పలుగురాళ్ళు పరుచుకుని ఉన్నాయి, కొన్ని రేగుపండంత, కొన్ని ఉసిరికాయంత. వాటి కింద జానెడు మందాన గోధుమ వన్నె కలిసిన ఎర్రమట్టి. చేత్తో నలిపితే ఇసుకలా రాలుతుంది. ఆ కింద మూరెడు లోతు దాకా రంగు ముదిరి నెత్తురు ఎరుపుకు తిరిగింది. ఇక్కడి మట్టిగడ్డను విరిచి ఎండకు తిప్పితే విరిగిన ముఖం మీద మైనం పూసినట్టు సన్నని మెరుపు ఉంటుంది. ఆ మెరుపు దగ్గరికి మళ్ళీ వస్తాను. అందులోనూ సగానికి సగం రాళ్ళే. అట్టడుగున మొరం. చూపుకు అది గ్రానైట్ రాయే, గింజల అమరిక చెక్కుచెదరలేదు. గునపం ఆనిస్తే మాత్రం పొడిగా రాలిపోతుంది.

ఈ గోడ మొత్తం ఆ రాతి నుంచి వచ్చిందే. హైదరాబాదు చుట్టుపక్కల గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం నీటికి కరిగి, రూపు మారి, బంకమట్టి అయింది. నల్ల అభ్రకంలో ఉన్న ఇనుము గాలి తగిలి తుప్పుగా మారి మట్టికి ఎరుపునిచ్చింది. పలుగురాయి మాత్రం దేనికీ లొంగలేదు. రాతి నెర్రెల్లో తెల్లని దారాల్లా ఉండే పలుగు, చుట్టూ ఉన్నదంతా మట్టి అయ్యాక ముక్కలుగా మిగిలిపోయింది. చెదపురుగులు ఈ అమరికను ఇంకా మార్చాయి. అవి నోటితో మోయగలిగిన సన్నమట్టిని పుట్టలుగా పైకి తెస్తాయి, మోయలేని రాళ్ళను కిందే వదిలేస్తాయి. ఎర్రనేలల్లో కొన్నిచోట్ల ఒక లోతున రాళ్ళు వరుస కట్టి కనిపించడానికి చెదలు కూడా ఒక కారణం.

గరప నేల, గరుసు నేల, చల్క అని మనవాళ్ళు పిలిచేది ఇలాంటి నేలలనే. శాస్త్రం ఇందులో మొదట చేసే పని జల్లెడ పట్టడం. 2 మిల్లీమీటర్ల కన్నుల్లోంచి కిందికి జారేదే లెక్కకు మట్టి. జల్లెడలో మిగిలి 75 మిల్లీమీటర్ల లోపు ఉండేది గులక, ఆ పైది గుండ్రాయి. గులక ఎంత ఉందో ఘనపరిమాణంలో కొలుస్తారు. నేలలో 15 శాతం దాటితే గులక నేల, 35 దాటితే బాగా గులక నేల, 60 దాటితే అతి గులక నేల. బరువుకూ పరిమాణానికీ తేడా ఉందని మరిచిపోకూడదు. ఒక కిలో మట్టి జల్లించి అరకిలో రాళ్ళు తేలితే సగం రాళ్ళే అనుకుంటాం. పలుగురాయి సాంద్రత 2.65, వాటి మధ్య మట్టిది సుమారు 1.5. లెక్క కడితే ఆ రాళ్ళు ఆక్రమించిన చోటు 36 శాతమే. నేలకు పేరు పెట్టేవారికి ఆ 36 సరిగ్గా గీత దాటిన సంఖ్య. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

రాయి నీరు తాగదు. అర మీటరు లోతున్న మట్టి, మొక్కకు అందే నీటిని తన పరిమాణంలో 12 శాతం పట్టుకుంటుందనుకుందాం. అంటే 60 మిల్లీమీటర్ల వాన దాచుకున్నట్టు. అదే లోతులో 36 శాతం గులక ఉంటే దాచుకునేది 38 మిల్లీమీటర్లే. రోజుకు 5 మిల్లీమీటర్లు ఖర్చయ్యే పైరుకు మొదటి నేల 12 రోజులు తోడుంటుంది, రెండోది వారం దాటగానే చేతులెత్తేస్తుంది. గులక నేలను రైతు తక్కువగా చూడడానికి ఇదే అసలు కారణం, అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

అయితే ఇదే లెక్కను చిన్న వాన వైపు నుంచి చూడండి. 10 మిల్లీమీటర్ల జల్లు పడింది. పరిమాణంలో 25 శాతం నీరు పట్టుకునే నల్లరేగడిలో అది 4 సెంటీమీటర్లు తడిపి ఆగిపోతుంది, మర్నాటి ఎండకు అందులో చాలా భాగం ఆవిరవుతుంది. గులక నేలలో నీటిని పట్టుకునే మట్టి తక్కువ కాబట్టి అదే జల్లు 13 సెంటీమీటర్ల దాకా దిగుతుంది. అక్కడికి ఎండ అంత తేలిగ్గా చేరదు, గడ్డి వేరు మాత్రం చేరుతుంది. ఎండిన ప్రాంతాల్లో చిన్న చిన్న వానలతో బతికే గడ్డికి గరుసు నేల నచ్చడంలో ఉన్న మర్మం ఇదే. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కూడా సరిగా పడని అనంతపురం వంటి చోట ఈ తేడా చిన్నది కాదు.

పైన పరుచుకున్న రాళ్ళది ఇంకో పాత్ర. మన ఎర్రనేలలకు ఒక బలహీనత ఉంది. బోసిగా ఉన్నప్పుడు వాన చినుకులు కొడితే పైపొర చెదిరి, ఎండగానే గట్టి పెచ్చు కడుతుంది. తరవాతి వాన ఇంకకుండా జారిపోతుంది. రాయి ఉన్నచోట చినుకు దెబ్బ రాయికి తగులుతుంది. కింద మట్టి చెదరదు, నీరు రాతి అంచు వెంట లోపలికి దిగుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. నేల మీద వదులుగా ఉన్న రాయే ఇలా మేలు చేస్తుంది. పెచ్చులో సగం కూరుకుపోయిన రాయి చేసేది దీనికి విరుద్ధం, నీటిని అడ్డుకుని పక్కకు నెడుతుంది. రెండూ ఒకే కంచలో నాలుగడుగుల తేడాలో కనిపిస్తాయి. గొర్రెల బాట మీద రాళ్ళు అణిగి కూరుకుపోయి ఉంటాయి, పొద పక్కన వదులుగా ఉంటాయి. సీసాతో నీళ్ళు తీసుకెళ్ళి రెండు చోట్లా పోసి చూడండి. పొద పక్కన పోసినవి చూస్తూండగానే మాయమవుతాయి.

నీరు నిలవని నేల అని ఊరికే అనరు. నీరు ఎంత త్వరగా దిగిపోతుందో బట్టి నేలలను 7 తరగతులు చేశారు. ఒక కొసన నీరు పట్టు దొరకక జారిపోయే ఇసుక, రెండో కొసన ఏడాది పొడుగునా నానే బురద. మన కంచ నేల వీటి మధ్య, బాగా నీరు దిగే తరగతిలో ఉంటుంది. నీరు దిగుతుంది గాని, వేరుకు అందనంత వేగంగా కాదు. వానాకాలం దాకా ఆగకుండానే ఈ సంగతి గుంత గోడే చెబుతుంది. మీటరు లోతు దాకా ఎక్కడా బూడిదరంగు మచ్చలు లేకపోతే అక్కడ నీరు ఎక్కువ కాలం నిలవలేదన్నమాట. నిలిచి ఉంటే గాలి అందక ఇనుము కరిగి ఎరుపు పోయేది.

గుంత గట్టున గొర్రెలు కాస్తున్న పెద్దాయనది అదే మాట, వేరే ఆధారంతో. "వాన వెలిసిన గంటకు మందను ఇక్కడికి తోలుకోవచ్చు సార్. రేగడిలో అయితే రెండు రోజులు గిట్ట పెట్టనివ్వదు" అన్నాడు. తడి నేల మీద రోజుల తరబడి నిలబడితే గొర్రెకు గిట్టల సందులు మెత్తబడి కుళ్ళు పడుతుంది. గులక మీద గిట్ట ఆరుతుంది.

ఇప్పుడు ఇలాంటి నేలకున్న పేరు. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో 1972లో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వచ్చినప్పుడు ఆ ప్రాంగణంలో ఎర్రనేల, నల్లనేల రెండూ ఉన్నాయి. అక్కడి ఎర్రనేలకు పటాన్‌చెరు శ్రేణి అని పేరు. అమెరికా వ్యవసాయ శాఖ 1975లో తొలిసారి పూర్తి గ్రంథంగా ప్రచురించిన నేలల వర్గీకరణ పద్ధతిలో దాని వంశనామం ఇది: క్లేయీ-స్కెలిటల్, మిక్స్‌డ్, ఐసోహైపర్‌థర్మిక్, యుడిక్ రోడుస్టాల్ఫ్. నోరు తిరగని పేరే, కానీ ఇందులో ఒక్క అక్షరం వృథా కాదు. మన ఇంటిపేరు మొదట వస్తుంది, దీనికి చివర్లో వస్తుంది. అందుకే వెనక నుంచి చదవాలి.

చివరి "ఆల్ఫ్" అంటే ఆల్ఫిసాల్, 12 నేల గణాల్లో ఒకటి. పై పొర నుంచి బంకమట్టి నీటితో దిగి కింది పొరలో పేరుకుని ఉండాలి, కాల్షియం వంటి పోషకాలు ఇంకా పూర్తిగా కొట్టుకుపోకుండా ఉండాలి. గడ్డ విరిచినప్పుడు కనిపించిన మైనపు మెరుపు అదే. వేల ఏళ్ళ వానలతో దిగి, మట్టి ముఖాల మీద పూతలా పట్టిన బంక అది. దాని ముందున్న "ఉస్ట్"కు లాటిన్‌లో కాలినది అని అర్థం. ఏడాదిలో చాలాకాలం ఎండి, పైరుకు కావలసిన రోజుల్లో మాత్రం కొంత తడి ఉండే నేల. "రోడ్" గ్రీకు భాషలో గులాబీ. రంగుల నమూనాల పుస్తకం పక్కన పెట్టి పోల్చినప్పుడు ఎరుపు ఒక గీతను దాటితేనే ఈ మాట చేరుస్తారు. "యుడిక్" అంటే తన జాతిలో కాస్త తడి వైపున్నది. ఐసోహైపర్‌థర్మిక్ అంటే అర మీటరు లోతున ఏడాది సగటు వేడి 22 డిగ్రీలు లేదా అంతకు మించి, చలికాలానికీ ఎండాకాలానికీ తేడా 6 డిగ్రీల లోపు. మిక్స్‌డ్ అంటే ఏ ఒక్క ఖనిజానిదీ పైచేయి కాదు.

ఇక మొదటి మాట, స్కెలిటల్. అస్థిపంజరం లాంటిది అని. 35 శాతానికి తగ్గకుండా రాళ్ళుండాలి. జల్లెడ లెక్కలో 36 గీత దాటిందన్నది ఇందుకే. నేల పైన పరుచుకున్న రాళ్ళు ఈ లెక్కలోకి రావు. బంక పేరుకున్న పొరలోనే అంత రాయి ఉండాలి. దాని పక్కన క్లేయీ అని ఉంది, అంటే రాళ్ళ మధ్య మిగిలిన మట్టిలో బంక కూడా 35 శాతానికి తగ్గదు. పోషకాల కొలతలో ఆల్ఫిసాల్‌కు పెట్టిన హద్దూ 35 శాతమే. రాయి, బంక, పోషకం, మూడు వేర్వేరు కొలతలకు ఒకే సంఖ్య. ఇంత రాయి మధ్య ఇంత బంక ఉండడమే ఈ నేలకు బలం. రాయి నీటికి దారి ఇస్తుంది, బంక దాన్ని ఆపి ఉంచుతుంది.

ఒకే వాలు మీద ఈ పేరు మారిపోతూ ఉంటుంది. గుట్ట నెత్తిన బంక పొర ఏర్పడేంత మట్టే నిలవదు, మొరం మీద జానెడు గరుసు మాత్రమే. దాన్ని ఉస్టార్థెంట్ అంటారు. నడుమ రోడుస్టాల్ఫ్. దిగువన మట్టి చేరి లోతు పెరుగుతుంది, కొన్నిచోట్ల నల్లబడుతుంది. ఇలా గొలుసుకట్టుగా ఉండే నేలలకు కెటీనా అని 1935లో తూర్పు ఆఫ్రికాలో పనిచేసిన నేల శాస్త్రజ్ఞుడు జెఫ్రీ మిల్న్ పేరు పెట్టాడు. గొర్రెల కాపరి మాత్రం పొద్దున గుట్టకు, మధ్యాహ్నం దిగువకు మందను నడుపుతూ రోజూ ఆ గొలుసు దాటుతూనే ఉంటాడు.

తెలంగాణ రెవెన్యూ లెక్కల్లో కంచ అంటే మేతకు విడిచిన భూమి. కంచ గచ్చిబౌలి, ఇమారత్ కంచ అన్న పేర్లలో ఉన్నది ఆ మాటే. ఆంధ్ర వైపు దాన్ని మేత పోరంబోకు అంటారు. దేశంలోని గడ్డినేలలను అయిదు రకాలుగా విడదీసిన సర్వే 1954 నుంచి 1962 దాకా జరిగింది. దక్కను పీఠభూమిది అందులో సెహిమా-డైకాంతియం రకం. ఆ జంట పేరులో సెహిమా గులక నేలల గడ్డి, డైకాంతియం నల్లనేలల గడ్డి. అంటే గడ్డికి పెట్టిన పేరులోనే గులక ఉంది. 2019 పశుగణనలో తెలంగాణలో 1.9 కోట్ల గొర్రెలు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు తేలాయి. దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం మన రెండు రాష్ట్రాలవే. ఆ మందల మేతలో పెద్ద వాటా పొలాలు కాని నేలలదే.

అయినా 2000లో మొదటిసారి అచ్చయిన దేశపు బంజరు భూముల పటాల పుస్తకంలో తుప్పల నేలలు, క్షీణించిన మేత భూములు బంజరు కిందే చేరాయి. నాకు ఈ మాట మీద గట్టి అభ్యంతరం ఉంది. భూమి సామర్థ్యాన్ని 8 తరగతులుగా విడదీసే పద్ధతిలో మొదటి నాలుగు దుక్కికి, తక్కినవి ప్రధానంగా గడ్డికీ చెట్లకూ. ఆరో తరగతి నేలను దున్నకూడదని చెప్పడం దాన్ని పనికిరానిదనడం కాదు. దున్నితే రాళ్ళ పరుపు చెదురుతుంది, పెచ్చు కడుతుంది, వానవానకూ పైమట్టి వాలు దిగిపోతుంది. మొరం కోసం గీకితే ఆ మెరిసే బంక పొర లారీలో వెళ్ళిపోతుంది.

గుంత దిగిన రోజు చివరగా గోడ అంచున ఉన్న బోద గడ్డి దుబ్బు ఒకటి చూశాను. పైన మోకాలెత్తు ఆకు. తవ్వినప్పుడు సగం వేళ్ళు బయటపడి వేలాడుతున్నాయి. టేపు పెట్టి కొలిచాను. పైన 30 సెంటీమీటర్లలో జుట్టులా చిక్కుకున్నాయి. ఆ కింద సన్నబడి, ఒక్కో వేరూ ఒక్కో పలుగురాయిని చుట్టి, రాయికీ మట్టికీ మధ్య సందులోనే దిగింది. అక్కడ మట్టిని గోటితో గీస్తే చల్లగా తగిలింది, వాన పడి 11 రోజులైంది. 92 సెంటీమీటర్ల దగ్గర రెండు వేళ్ళు మొరం నెర్రెలోకి వెళ్ళాయి. ఇంకెంత లోతుకు పోయాయో చూడాలంటే గోడ తవ్వాలి. తవ్వకుండా పైకి వచ్చేశాను.