ట్యాంకు కింద రెండు పట్టీలు

ఒరే బాబీ, అమ్మా చిట్టీ,

మొన్న వీడియో కాల్‌లో కారు కింద నుంచి తాతయ్య కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయని మీరిద్దరూ పడీ పడీ నవ్వేరు కదా, మీ మామ్మ కూడా ఫోను అటు తిప్పి చూపించి మరీ నవ్వింది, నాకు కింద నుంచి అన్నీ వినబడ్డాయి. బయటికొచ్చి ఏం చేస్తున్నానో చెబుదామనుకునేసరికి మీ ట్యూషన్ టైమైపోయింది, ఫోన్ పెట్టేసేరు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగే ఉంటుంది, ముప్పై ఏళ్ళు షిప్‌యార్డులో ఫిట్టరు పని చేసినవాడిని ఇనుము గురించి అడిగితే ఇంతే మరి.

మన ముసల్ది, అదే 2003 మోడలు బూడిదరంగు కారు, దసరా ముందు నుంచీ ఒక శబ్దం చేస్తోంది. ట్యాంకు ఫుల్ చేయించుకుని వస్తుంటే స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనకాల నుంచి డబ్బున ఒక దెబ్బ, పెట్రోల్ అయిపోవస్తే మాత్రం ఏ చప్పుడూ లేదు. మీ నాన్న ఫోన్లో విని షాక్ అబ్జార్బరు పోయుంటుంది నాన్నా అన్నాడు. నాకెందుకో నమ్మకం కుదరలేదు, షాకయితే ఎప్పుడైనా కొట్టాలి కదా, ట్యాంకు నిండినప్పుడే కొట్టడమేటి?

పెట్రోల్ ట్యాంకు ఎక్కడుంటుందో మీకు తెలుసో లేదో, మన కారుకి వెనక సీటు కింద, బండి అడుగున వేలాడుతూ ఉంటుంది. దాన్ని పట్టుకుని ఉండేవి రెండంటే రెండు ఇనప పట్టీలు, నీ స్కూల్ బెల్టు కంటే కొంచెం వెడల్పు, అంతే. ఒక చివర బాడీలో ఉన్న కన్నంలోకి కొక్కెంలా దూరుతుంది, రెండో చివర ఒక బోల్టు. మన ట్యాంకులో 45 లీటర్లు పడుతుంది, పెట్రోలు నీళ్ళకంటే తేలిక, లీటరు ముప్పావు కేజీకి కాస్త తక్కువ తూగుతుంది, అంటే నిండితే 33 కేజీల పెట్రోలు, పైన ట్యాంకు రేకు బరువు. మామ్మ వంటింట్లో నిండు గ్యాస్ బండ ఉంది కదా, దానికంటే ఎక్కువ బరువే ఆ రెండు పట్టీల మీద ఊగుతూ గోతుల్లో ఎగిరిపడుతూ 20 ఏళ్ళు తిరిగింది. నాకు అది తలుచుకుంటేనే ఒళ్ళు జలదరించింది.

సరే, చాప వేసుకుని టార్చి పట్టుకుని దూరేను. చూస్తే అంతా నల్లగా నిగనిగలాడుతోంది. రెండేళ్ళ కింద ఒక షాపువాడు, పేరెందుకులే, అడుగంతా నల్ల కోటింగు కొట్టి ఇంక పదేళ్ళు తుప్పు మాటే ఉండదు సార్ అని డబ్బులు లాగేడు, నేనూ మురిసిపోయి ఇచ్చేను. ఇన్నేళ్ళు ఓడలకి రంగులు వేయడం చూసినవాణ్ణి, తుప్పు గీకకుండా పైన రంగేస్తే ఏమవుతుందో నాకు తెలియదా? తెలుసు. అయినా ఆ రోజు ఎందుకు అడగలేదో ఇప్పటికీ నా మీద నాకే కోపం. ఎడమ పక్క పట్టీ ఒక చోట ఉబ్బినట్టు కనబడింది. స్క్రూడ్రైవరు పిడితో మెల్లిగా తట్టేను. మంచి ఇనుమైతే ఠంగుమంటుంది, ఇది తడి అట్టపెట్టెని తట్టినట్టు దబ్‌మంది. మొనతో నొక్కేను, మొన లోపలికి దిగిపోయింది. నల్ల పొర ఊడి మొహం మీద పడింది, దాని కింద పట్టీ మడత కాజాలా పొరలు పొరలుగా, గోటితో లాగితే ఊడొచ్చేస్తోంది. వెడల్పులో గట్టి ఇనుము మిగిలింది చిటికెనవేలంత.

చిట్టీ, నువ్వు అడుగుతావు, కారంతా బాగానే ఉంటే ఆ పట్టీకే ఎందుకు పట్టింది అని. ఇనుముకి నీళ్ళూ గాలీ రెండూ కలిసి తగిలితే తుప్పు. ఒట్టి నీళ్ళకంటే ఉప్పు నీళ్ళు కరెంటుని బాగా మోస్తాయి, తుప్పు పట్టడమంటే ఇనుములో ఒక చోట నుంచి ఇంకో చోటికి చిన్న చిన్న కరెంట్లు పారడమే, అందుకే ఉప్పు తగిలితే పని స్పీడందుకుంటుంది. పైగా ఉప్పుకి గాలిలో తేమని పీల్చుకునే గుణం, ఉప్పు డబ్బా మూత తీసి పెడితే మామ్మ ఎందుకు కేకలేస్తుందనుకున్నావు? మనుండేది పెద వాల్తేరు, సముద్రం పిలిస్తే పలికేంత దూరం, కిటికీ చువ్వలే మూడేళ్ళు ఆగవు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మన కారు బయటే ఉంది, బాబీ నువ్వు అప్పటికి ఉయ్యాల్లో ఉన్నావు, మర్నాడు అద్దం మీద వేలితో గీస్తే నాలిక్కి ఉప్పగా తగిలింది. అద్దం కడిగేం, బండి కడిగేం, అడుగున ఎవడు కడిగేడు?

ఇంకో సంగతి. పట్టీకీ ట్యాంకుకీ మధ్య రబ్బరు ముక్క ఒకటి ఉంటుంది, రెండు రేకులూ రాసుకుని అరిగిపోకుండా, కిర్రుమనకుండా. మంచిదే, కానీ దాని వెనకాల చేరిన తడి ఎండకి ఆరదు, గాలికి ఆరదు, దుమ్మూ ఉప్పూ కలిపి పచ్చడిలా అక్కడే నానుతుంది. బయట ఉన్న ఇనుము తడిసినా ఆరుతుంది, కప్పెట్టిన ఇనుమే ముందు పోతుంది. మా షిప్‌యార్డులో కూడా అంతే, డెక్కు నడిమధ్య ఎప్పుడూ బాగానే ఉండేది, ఏ బ్రాకెట్టు కిందో ఏ మూలో నీళ్ళు నిలిచే చోట సుత్తి వేస్తే పెచ్చులు ఊడేవి. బీచి రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ చూసేరు కదా, 2002 నుంచి ఒడ్డునే ఉంది, సముద్రంలోకి వెళ్ళే పని లేదు, అయినా దానికీ మరమ్మతు తప్పదు, ఈ గాలి ఒడ్డున ఉన్నవాటిని కూడా వదలదు.

కారు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళేను, ఇతని పేరూ చెప్పను. చూసి, దానికేటి సార్, చిన్న పట్టీ ముక్క పెట్టి వెల్డింగు కొట్టేస్తాను, అరగంట పని అన్నాడు. ట్యాంకు దింపుతావా అంటే ఎందుకు సార్ తడి గోనె కప్పుతాను కదా అన్నాడు. నేను మాట్లాడకుండా తాళం తీసుకుని వచ్చేసేను. పిల్లలూ, ఈ ముక్క మాత్రం రెండుసార్లు చదవండి. మండేది పెట్రోలు కాదు, దాని ఆవిరి. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా నిప్పు చూపిస్తే అంటుకునేంత ఆవిరి వస్తుంది దాన్నుంచి, మన విశాఖ ఎండలో ఇంక చెప్పాలా. గాలిలో నూటికి ఒకటిన్నర వంతు ఆవిరి కలిస్తే చాలు, ఏడున్నర దాకా ఒక్క రవ్వకి భగ్గుమంటుంది. అందుకే నిండు ట్యాంకు కంటే ఖాళీ అయిందనుకున్న ట్యాంకే ఎక్కువ ప్రమాదం, అందులో ఆవిరీ గాలీ కలిసి ఉంటాయి. పైగా ఆ ఆవిరి గాలికంటే బరువు, నేలబారున పాక్కుంటూ పోయి గుంటల్లో చేరుతుంది, నువ్వు పడుకునేది కూడా నేల మీదే.

ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్లు నాలుగు తిరిగేను, దొరికిన పట్టీలు మనవాటికంటే ముసలివి. చివరికి స్పేర్ పార్టులాయన దగ్గర ఆర్డరు పెడితే పది రోజులకి వచ్చేయి, రెండు పట్టీలు, రబ్బర్లు, కొత్త బోల్టులు. జింకు పూత ఉన్నవి. ఓడ అడుగున కూడా జింకు దిమ్మలు బిగిస్తాం, సముద్రపు నీళ్ళు ముందు జింకుని తింటాయి, ఇనుము మిగులుతుంది. కుడి పట్టీ ఇంకా గట్టిగానే ఉంది కదా, ఒకటి చాలదా అని మామ్మ అడిగింది. రెండూ ఒకే రోజు పుట్టేయి, ఒకే నీళ్ళు తాగేయి అన్నాను.

ఈలోగా పెట్రోలు పోయించడం మానేసి రిజర్వు లైటు వెలిగేదాకా తిప్పేను, ఊరు దాటకుండా, మెల్లిగా. బరువు తగ్గితే పని సగం తేలిక. రెండు రోజుల ముందు నుంచీ పొద్దున్నా సాయంత్రం బోల్టులకి తుప్పు నూనె స్ప్రే కొడుతూనే ఉన్నాను. ఆదివారం ఎండెక్కకముందే గ్యారేజీలో కాకుండా బయట గాలి తగిలే చోట సిమెంటు నేల మీద పెట్టేను. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసేను, ముందు చక్రాలకి చెక్క దిమ్మలు, వెనక ఎత్తి స్టాండుల మీద కూర్చోబెట్టేను. ఇటుకల మీద కాదు, జాకీ మీద కాదు, స్టాండుల మీద. ఇటుక ముందు చెప్పి పగలదు. పక్కన ఇసక బకెట్టు, మంటలార్పే సిలిండరు, తాకితే వేడి తెలియని ఎల్‌ఈడీ టార్చి, పక్కింటి కుర్రాడు ఒకడు కేకేస్తే పలికేలా. కళ్ళద్దాలు సరే సరి, తుప్పు రజను కంట్లో పడితే డాక్టరు దగ్గరికే.

ట్యాంకు కింద ఇంకో జాకీ, దాని మీద ప్లైవుడ్ పలక, పలక మీద పాత కారు మ్యాటు. ఆ పలకని రెండు పట్టీల నడుమ పెట్టాలి, పట్టీ దారికి అడ్డంగా పెట్టేవంటే అన్నీ విప్పేక కొత్తది ఎలా దూర్చాలో తెలియక తల పట్టుకుంటావు, నేను మొదట అలాగే పెట్టేను, కుర్రాడు చూసి చెప్పేడు. జాకీ ట్యాంకుని ఆనాలి, ఎత్తకూడదు. ఎక్కువ ఎత్తితే రేకు సొట్టపోతుంది, పైన గొట్టాలు నలుగుతాయి. ఒక్కో పట్టీ మార్చుకుంటే ట్యాంకు దింపక్కర్లేదు, గొట్టాల జోలికి పోనక్కర్లేదు. రెండూ ఒకేసారి మాత్రం విప్పొద్దు.

కుడి బోల్టు మంచిది, పావు చుట్టు విప్పి, కొంచెం వెనక్కి బిగించి, నూనె కొట్టి, మళ్ళీ సగం చుట్టు, అలా బతిమాలితే పావుగంటలో కిర్రు కిర్రుమంటూ వచ్చేసింది. ఎడమది మొండిది. పానా వేసి లాగితే తల గుండ్రంగా అరిగిపోయింది. గ్యాస్ మంట పెట్టి వేడి చేస్తే వస్తుంది, ట్యాంకు పక్కన ఆ మాటే అనకూడదు, గ్రైండరు కూడా వద్దు, రవ్వలు. హాక్సా బ్లేడు చేత్తో పట్టుకుని నూనె చుక్కలు వేస్తూ పట్టీనే కోసేను, ఎలాగూ పారేసేదే కదా, అది రెండు ముక్కలయ్యేక బోల్టు దగ్గరికి ప్లయర్ రించి పట్టడానికి చోటు దొరికింది. మీరు చూసింది ఆ నలభై నిమిషాలే, నా కాళ్ళు అందుకే అలా తన్నుకుంటున్నాయి.

పట్టీ ఊడేక దాని కింద ట్యాంకు రేకు మీద పట్టీ ఆకారంలోనే ఎర్రటి చార. గుండె గుభేలుమంది. మెత్తని బ్రష్షుతో చేత్తో రుద్ది చూస్తే పై పొర మాత్రమే పోయింది, గుంటలు లేవు, వాసనా లేదు. చెమ్మ వచ్చి ఉంటే ట్యాంకే మార్చాల్సింది. ప్రైమరు పూసి ఆరేక కొత్త రబ్బరు అతికించి పట్టీ ఎక్కించేను, ముందు కొక్కెం, తర్వాత బోల్టు చేత్తో నాలుగు చుట్లు. రెండో పక్క కూడా అలాగే అయ్యేకే అటు కొంచెం ఇటు కొంచెం మార్చి మార్చి బిగించేను, చివర టార్కు రించితో, అంటే ఎంత గట్టిగా బిగించేమో కొలిచి చూపించే పానాతో, కారు బుక్కులో రాసినంత, ఒక్క వీసం ఎక్కువ కాదు. పట్టీ ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిది అనుకుంటారు గానీ సాగదీసిన పట్టీ తొందరగా తెగుతుంది, ట్యాంకూ నొక్కుకుపోతుంది.

సాయంత్రం ఫుల్ ట్యాంకు కొట్టించి భీమిలి దాకా వెళ్ళొచ్చేం, మామ్మ కూడా వచ్చింది, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఇద్దరం మాటలాపేసి చెవులు రిక్కించేం. ఏమీ లేదు. ఇంటికొచ్చి అడుగున ఒట్టి మంచినీళ్ళతో పైపు పెట్టి కడిగేను, ఇక నుంచి బీచి రోడ్డు ఎక్కిన ప్రతిసారీ ఇదే పని. వారం తర్వాత బోల్టులు మళ్ళీ ఒకసారి చూసేను, కదల్లేదు.

కోసిన పాత పట్టీ ముక్కల్ని మామ్మ పాతసామాన్లవాడికి వేసేయబోతే లాక్కుని పేపర్లో చుట్టి డాబా మెట్ల కింద దాచేను. సంక్రాంతికి వచ్చినప్పుడు చూపిస్తాను, ముందు సుత్తితో తట్టి చప్పుడు వినండి, తర్వాతే పేపరు విప్పండి. వచ్చేటప్పుడు మీ నాన్న కారులోనే రమ్మను, దాని అడుగున కూడా ఒకసారి దూరాలి, బాబీ నువ్వు టార్చి పట్టుకుందువుగాని.

తాతయ్య