"మా వాడికి ఆటలు రావు సార్": అపోహలు - వాస్తవాలు

తల్లిదండ్రుల సమావేశం రోజున నా దగ్గరికి పెద్దగా ఎవరూ రారు. లెక్కలు, ఇంగ్లీషు టీచర్ల ముందు వరుస కడతారు. వ్యాయామ ఉపాధ్యాయుడిని కాబట్టి నేను కుర్చీలు సర్దుతూ ఉంటాను. వచ్చే ఒకరిద్దరూ చెప్పే మాట ఒకటే: "మా వాడికి ఆటలు రావు సార్. వాళ్ల నాన్నకూ రావు." ఆ పిల్లవాడు పక్కనే నిలబడి వింటూ ఉంటాడు. ఏళ్ల తరబడి వింటున్న ఈ మాట సంగతి ఇవాళ తేల్చాలని కూర్చున్నాను.

అపోహ: గెంతడం, విసరడం, పట్టుకోవడం వయసు వస్తే వాటంతట అవే వస్తాయి. రాలేదంటే పుట్టుకతోనే లేదన్నమాట.

వాస్తవం: నడక వస్తుంది. పరుగు కూడా చాలావరకు వస్తుంది. బంతి పట్టడం, ఒంటికాలి గెంతు, తాడాట మాత్రం అక్షరాల్లాంటివి. ఎవరో చూపించాలి, పిల్లవాడు చెయ్యాలి, దిద్దాలి, మళ్లీ చెయ్యాలి. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా స్థూల చలన నైపుణ్యాలకు, అంటే గెంతడం, విసరడం లాంటి ఒళ్లు కదిలించే పనులకు, పునాది పడే కాలం. తర్వాత నేర్చుకోలేరని కాదు. పదేళ్లు దాటేసరికి సిగ్గు అడ్డం వస్తుంది. రాని పనిని నలుగురిలో చెయ్యడానికి ఒప్పుకోరు.

"మాకు ఎవరు నేర్పారండీ?" అని పెద్దవాళ్లు అడుగుతారు. నేర్పారు. వీధిలో అక్కలు, అన్నలు నేర్పారు, మీరు మరిచిపోయారు. తొక్కుడుబిళ్లనే చూడండి. బిళ్లను సరిగ్గా గడిలో వెయ్యాలి, ఒంటికాలి మీద గెంతాలి, గీత తొక్కకూడదు, ఆ ఒంటికాలి మీదే వంగి బిళ్ల తీసుకోవాలి. ఆటలో నలుగురు ఉంటే ఒక సాయంత్రంలో ఎన్ని వంతులు వచ్చేవో లెక్క వేసుకోండి. ఇప్పుడు ఆ వీధి నిండా బండ్లు. ఆ బాధ్యత బడి మీద పడింది. బడేమో ఒక బంతి ఇచ్చి "పొండి, ఆడుకోండి" అంటోంది.

అసలు నష్టం అక్కడే. నలభై నిమిషాల పీరియడు, నలభై మంది పిల్లలు, ఒకే బంతి. వరుసలో నిలబెట్టి విసిరిస్తే ఒక్కొక్కరికి రెండో మూడో వంతులు వస్తాయి. వదిలేసి ఆడమంటే ఇంకా అన్యాయం: ఆట వచ్చిన ఐదారుగురి దగ్గరే బంతి తిరుగుతుంది. బంతి తగిలితే ఔటయ్యే ఆటల్లో మరీ విడ్డూరం. తప్పించుకోవడం రానివాడు మొదటి నిమిషంలోనే ఔటవుతాడు, మిగిలిన సమయమంతా గట్టు మీద కూర్చుంటాడు. ఎవరికి సాధన ఎక్కువ కావాలో వాడికే తక్కువ దొరుకుతుంది. సంవత్సరం గడిచాక "వీడికి ఆటలు రావు" అని మనమే ముద్ర వేస్తాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇదే చేశాను. చెట్టు కింద నిలబడి విజిల్ వేయడమే డ్రిల్ పీరియడు అనుకున్న రోజులవి.

నా కళ్లు తెరిపించింది రెండో తరగతి పిల్లవాడు. బంతి వస్తుంటే రెండు చేతులూ కర్రల్లా చాచి, మొహం పక్కకు తిప్పి, కళ్లు గట్టిగా మూసుకునేవాడు. బంతి ముంజేతులకు కొట్టుకుని, ఛాతీ మీద పడి, కిందికి జారేది. పిల్లలు నవ్వేవారు. "కళ్లు తెరవరా!" అని నేను అరిచేవాడిని. మొహానికి తగులుతుందన్న భయంతో కళ్లు మూసుకునేవాడిని అరిస్తే ఏమవుతుంది? నేను నోరు తెరిచినా మూసుకోవడం మొదలుపెట్టాడు.

చివరికి బంతి పక్కన పెట్టి బెలూను ఇచ్చాను. మెల్లగా దిగుతుంది, తగిలినా నొప్పి ఉండదు, చేతులు ఎక్కడ పెట్టాలో ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. రెండు వారాల తర్వాత గుడ్డ బంతి. ఆ తర్వాత మెత్తటి రబ్బరు బంతి, అదీ ఒకసారి నేలకు కొట్టి పంపడం. ఒకరోజు ఆ బంతి మీద స్కెచ్‌పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాలు రాశాను. "పట్టుకున్నాక కాదు, వస్తున్నప్పుడే ఏ అక్షరం కనపడిందో చెప్పాలి" అన్నాను. అక్షరం చెప్పాలంటే కళ్లు తెరవక తప్పదు కదా. "క!" అని అరిచాడు, బంతి జారిపోయింది. "మ!" అన్నాడు, ఈసారి మోచేతులు వంగాయి, వేళ్లు దాన్ని చుట్టుకున్నాయి. అది నిజంగా "మ" కాదు, "య". నేను దిద్దలేదు.

విసరడంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. కుడిచేత్తో విసిరే చిన్నపిల్లలు చాలామంది కుడికాలే ముందుకు వేస్తారు. నడుము తిరగదు, బలమంతా చేతి నుంచే రావాలి. సుద్దముక్కతో నేల మీద ఎడమ పాదం గుర్తు గీయండి, దాని మీద అడుగు వేసి విసరమనండి. చిన్న డబ్బా పెట్టి దాన్ని కొట్టమని మాత్రం మొదట్లోనే చెప్పకండి. గురి కోసం చేతిని బిగబట్టి బంతిని తోస్తారు. గోడకేసి గట్టిగా కొట్టమనండి, గురి సంగతి తర్వాత. ఆడపిల్లలకు విసరడం రాదనే పెద్దమనుషులకూ ఇదే జవాబు: బంతి వాళ్ల చేతికి ఎన్నిసార్లు ఇచ్చారో ముందు చెప్పండి.

"ఇదంతా డ్రిల్ మాస్టారు చూసుకోవాలి." ఎక్కడి డ్రిల్ మాస్టారు? 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు చూడండి. వంద మంది దాటిన బడిలో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పార్ట్‌టైమ్ వ్యాయామ బోధకుణ్ణి పెట్టాలని ఉంది. ఒకటి నుంచి ఐదు వరకు ఆ ప్రస్తావనే లేదు. నేను హైస్కూలు మనిషిని; ప్రహరీ ఒకటే కాబట్టి పక్కనే ఉన్న ప్రాథమిక పాఠశాలకు వెళ్లి వస్తుంటాను. చాలా ఊళ్లలో ఆ వీలు కూడా లేదు. తరగతి టీచరే చెయ్యాలి, చెయ్యగలరు కూడా. పైన చెప్పినదానికి డిగ్రీ ఏమీ అక్కర్లేదు.

మిగిలినవి త్వరగా ముగిస్తాను. ఎడమచేతి వాటం మాన్పించాలా? వద్దు. ఆట పీరియడు లెక్కలకు ఇస్తే మార్కులు పెరుగుతాయా? గంటల తరబడి కదలకుండా కూర్చున్న పిల్లలకు లెక్కలు చెప్పి చూసినవాళ్లను అడగండి. ఐదేళ్లు దాటిన పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల పాటు ఒళ్లు వేడెక్కే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇక వాట్సాప్‌లో తిరిగే ఎక్స్‌రే బొమ్మ. చిన్నపిల్లల మణికట్టులో ఎముకల మధ్య ఖాళీలు చూపించి "ఎముకలే లేవు, అందుకే రాయించకండి" అంటారు. అది ఖాళీ కాదు, ఎక్స్‌రేలో కనపడని మృదులాస్థి, అంటే ఇంకా ఎముకగా గట్టిపడని మెత్తటి భాగం. పిల్లలకు రాత బరువు తగ్గించాలనే నేనూ అంటాను, కానీ దానికి ఈ అబద్ధం ఎందుకు?

కంగారు పడే అమ్మానాన్నలకు ఒక మాట. ఐదేళ్లకు చాలామంది ఒంటికాలి మీద గెంతుతారు. లయగా ఎగురుతూ నడవడం ఆరేడేళ్లకు కుదురుతుంది. కొన్ని నెలలు అటూ ఇటూ అయితే భయం లేదు. బంతి పట్టలేని పిల్లలకు ముందు కంటి పరీక్ష చేయించండి. కళ్లజోడు వచ్చిన వారానికే బంతి పట్టినవాళ్లను చూశాను. నేర్పించినా బొత్తాలు, చెంచా, మెట్లు, బంతి అన్నిటా తడబాటే ఉంటే పిల్లల వైద్యుడికి చూపించండి. వందలో ఐదారుగురు పిల్లలకు కదలికల సమన్వయ లోపం ఉంటుంది, అది బద్ధకం కాదు. వచ్చిన నైపుణ్యం పోతున్నా, నేల మీద నుంచి లేవడానికి తన తొడల మీదే చేతులు ఆనించుకుంటూ పైకి పాకుతున్నట్లు లేస్తున్నా ఆలస్యం చెయ్యకండి. అది కండరాల జబ్బు కావచ్చు.

"బంతులు కొనే డబ్బు ఏది సార్?" అని పోయిన నెల ఒక టీచరమ్మ అడిగారు. రెండు పాత పేపర్లను ముద్ద చేసి చుట్టూ టేపు వేస్తే ఒక బంతి. నాలుగో తరగతి పిల్లలు ఒక్క పీరియడులో ముప్పై ఎనిమిది చేశారు. రెండు వర్షానికి నానిపోయాయి, ఒకటి పెంకుల మీద ఉంది.