కాలిపోయే నూనెకు వడపోత ఎందుకు?

విమానాల్లో రోటరీ ఇంజన్లు (పాతవాటిలో సిలిండర్లే, కొత్తవాటిలో రోటరు గిర్రున తిరిగేవి) వాడేవారి మధ్య ఒక వాదన ఎంతకీ తెగదు. ఫిల్టరు పూడుకుపోయినప్పుడు దాన్ని తప్పించి మురికి నూనెనే బేరింగులకు పంపే బైపాస్ వాల్వు ఉండాలా, వద్దా? దీని మూలం వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే చివరికి ఆముదపు చేను దగ్గర తేలుతాం. నల్గొండ, మహబూబ్‌నగర్ చల్కా నేలల్లో వానల మీదే ఆధారపడి తరతరాలుగా పండించిన పంట అది. పాలెం పరిశోధన కేంద్రం క్రాంతి, హరిత వంటి రకాలు ఇచ్చినా, పత్తి వచ్చాక ఇక్కడ దాని విస్తీర్ణం బాగా తగ్గింది. దేశంలో ఇప్పుడు గుజరాత్‌దే పైచేయి.

1909 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో సెగాన్ సోదరులు తెచ్చిన నోమ్ ఇంజనులో క్రాంక్ షాఫ్టును, అంటే మామూలు ఇంజన్లలో పిస్టన్లు తిప్పే ఇరుసును, విమానానికి కదలకుండా బిగించేవారు. ఏడు సిలిండర్లూ ప్రొపెల్లర్‌తో కలిసి గిర్రున తిరిగేవి. తిరుగుతున్నంతసేపు గాలే వాటిని చల్లబరుస్తుంది, నీళ్ల బరువు అక్కర్లేదు. అయితే పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం సిలిండర్లకు చేరే ముందు క్రాంక్ కేసు (ఆ ఇరుసు చుట్టూ ఉండే గూడు) గుండానే పోవాలి. నూనె ఉండేదీ అక్కడే. ముడి చమురు నుంచి తీసే మామూలు ఖనిజ తైలం పోస్తే పెట్రోలు దాన్ని కరిగించి కడిగేస్తుంది. ఆముదం అలా కరగదు. అందులోని రిసినోలియిక్ ఆమ్లపు నిర్మాణం వల్ల అది ఆల్కహాలుతో కలుస్తుంది గానీ పెట్రోలుతో సరిగా కలవదు. పైగా వేడిలోనూ లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది.

పంపు తాజా ఆముదాన్ని లోపలికి తోసేది. అది ఒకసారి పని చేసి, సిలిండర్ల కొసలకు విసిరివేయబడి, పొగగా, తుంపరగా బయటపడేది. తిరిగి ట్యాంకుకు వచ్చే దారే లేదు. గంటకు లీటర్ల కొద్దీ ఖర్చు. పైలట్ల ముఖం మీద, కళ్లద్దాల మీద ఆముదమే. దాని ఆవిరి పీల్చి కడుపు కదిలిన పైలట్ల కథలు చాలా చెబుతారు. చిన్నప్పుడు బలవంతంగా ఆముదం తాగిన తరానికి అవి నమ్మరానివేమీ కావు. వాడిన నూనె మళ్లీ లోపలికి రాదు కాబట్టి దాన్ని వడపోయాల్సిన పని లేదు. ఫిల్టరే లేనప్పుడు బైపాస్ మాట ఎక్కడిది? శుభ్రతంతా ముందే, గింజ పిండే చోటే జరగాలి. అందుకే మందుల తయారీకి పనికొచ్చేంత స్వచ్ఛమైన నూనెనే కోరేవారు. మన ఊళ్లలో గింజలు వేయించి, దంచి, ఉడికించి తేట తీసే ఆముదం ఆ కోవలోకి రాదు.

1914లో యుద్ధం మొదలయ్యాక ఆముదం యుద్ధ సరుకైంది. దిగ్బంధంలో చిక్కిన జర్మనీకి అది అందలేదు. వోల్టాల్ అనే ప్రత్యామ్నాయంతో నెట్టుకొచ్చిన వారి రోటరీ ఇంజన్లు 1918 వేసవి వేడికి మొరాయించాయి. అమెరికా ఆసియా నుంచి గింజలు తెప్పించి తమ రైతులతో విత్తించింది. ఆముదపు గింజలు ఎగుమతి చేసే ప్రాంతాల్లో నిజాం రాజ్యం కూడా ఒకటి. ఆ నిజాం విరాళంతో సమకూరిన డీహెచ్ 9ఏ విమానాలతోనే బ్రిటిష్ 110వ స్క్వాడ్రన్ 1918లో యుద్ధంలోకి దిగింది. దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరు స్థిరపడింది. విచిత్రమేమిటంటే వాటిలోని లిబర్టీ ఇంజన్లు రోటరీలు కావు. సిలిండర్లు కదలవు, నూనె తిరిగి ట్యాంకుకు చేరుతుంది.

రోటరీలు ఆ తర్వాత ఎక్కువ కాలం నిలవలేదు. తిరిగే ఆ బరువు గాలిని చిలకడానికే బోలెడు శక్తి తినేది, మలుపుల్లో విమానాన్ని పక్కకు లాగేది. 1920ల్లో కదలని సిలిండర్ల రేడియల్ ఇంజన్లు రాజ్యమేలాయి. ఒకే నూనె గంటల తరబడి తిరగాలనేసరికి ఆముదం అసలు గుణం బయటపడింది. వేడికి గాలి తోడైతే అది బంకగా మారుతుంది. ఒకసారి వాడి వదిలేసినంత కాలం ఈ లోపం లెక్కలోకి రాలేదు. ఖనిజ తైలం గెలిచింది. దానితో పాటు మసి, లోహపు రజను, దుమ్ము కూడా ఇంజనులో తిరగడం మొదలైంది. మొదట తీగ జాలీలు, తర్వాత పలుచని పలకల సందుల్లోంచి నూనెను పోనిచ్చే కునో ఫిల్టర్లు, ఆపైన మడతల కాగితం వచ్చాయి.

వడపోత సన్నబడేకొద్దీ పూడుకుపోయే ప్రమాదం పెరిగింది. దానికి విరుగుడే బైపాస్ వాల్వు. స్ప్రింగు నొక్కిపట్టిన చిన్న బిళ్ల అది. ఫిల్టరుకు ముందూ వెనకా ఒత్తిడి తేడా ఒక హద్దు దాటితే తెరుచుకుంటుంది. చలికి నూనె చిక్కబడినా, కాగితం పూడుకుపోయినా జరిగేది అదే. మురికి నూనెతో బేరింగు నెమ్మదిగా అరుగుతుంది. నూనె లేకపోతే నిమిషాల్లో పట్టేస్తుంది. గాలిలో ఉన్న మనిషి ఏది కోరుకుంటాడో చెప్పనక్కర్లేదు. వాల్వు వద్దనేవారి మాటలోనూ పస ఉంది. అది తెరుచుకున్న సంగతి పైలట్‌కు తెలియదు. ప్రెషరు మీటరు ముల్లు దాదాపు మామూలుగానే ఉంటుంది, విరిగిన లోహపు ముక్క మాత్రం నేరుగా బేరింగులోకి పోతుంది. నా దృష్టిలో ఇది వాల్వు తప్పు కాదు, దానికొక హెచ్చరిక దీపం పెట్టకపోవడం తప్పు.

1957లో జర్మనీలో ఎన్‌ఎస్‌యూ సంస్థ నడిపి చూసిన ఫెలిక్స్ వాంకెల్ ఇంజను కూడా రోటరీయే గానీ జాతి వేరు. ఇందులో తిరిగేది మూడు మూలల రోటరు. మన దేశంలో తయారైన వాంకెల్ ఇంజను 2009లో కోలార్‌లో నిశాంత్ డ్రోనును ఎగరేసింది. డ్రోన్లకు వాడే చిన్న వాంకెల్ ఇంజన్లలో చాలావాటిది పాత నోమ్ దారే. కొలిచి పంపిన నూనె పని చేసి కాలిపోతుంది. కారు కోసం పుట్టిన మాజ్దా 13బీ సంగతి వేరు. విదేశాల్లో సొంతంగా విమానాలు కట్టుకునే ఔత్సాహికులు దీన్ని ఇష్టపడతారు. ఇందులో కొంత నూనె రోటరు మూలల సీళ్ల కోసం కాలిపోతుంది, మిగతాది ఫిల్టరు గుండా తిరుగుతూ రోటర్లను లోపలి నుంచి చల్లబరుస్తుంది. ఫిల్టరు వాల్వు చాలదన్నట్టు, షాఫ్టు ముందు కొసన మైనంతో పనిచేసే మరో బైపాస్ ఉంది. ఇంజను చల్లగా ఉన్నంతసేపు రోటర్లకు వెళ్లాల్సిన నూనెను అది పక్కకు వదిలేస్తుంది. వేడెక్కాక మూసుకోకపోతే ఒత్తిడి పడిపోతుంది, రోటర్లు కాగిపోతాయి. అందుకే చాలామంది దాన్ని తీసేసి గట్టి లోహపు ముక్క పెడతారు. అది సబబే. తొందరగా వేడెక్కడం కారుకు అవసరం. విమానం ఎలాగూ వేడెక్కాకే లేస్తుంది.

దక్షిణ తెలంగాణలో చలి వల్ల ఫిల్టరు బైపాస్ తెరుచుకోవడం అరుదు. ఇక్కడి శత్రువు దుమ్ము. శిక్షణకు వాడే సెస్నా 152 వంటి విమానాల్లో ఉండేది లైకమింగ్ పిస్టన్ ఇంజను, రోటరీ కాదు. అయినా నూనె బాధ ఒకటే. పూర్తి ప్రవాహ ఫిల్టరు (నూనె అంతా తన గుండానే పోయేది) ఉంటే 50 గంటలకు, జాలీ మాత్రమే ఉంటే 25 గంటలకు నూనె మార్చాలని ఆ సంస్థ చెబుతుంది. మార్చినప్పుడల్లా ఫిల్టరు డబ్బాను కోసి, కాగితం మడతలు విప్పి, లోహపు రజను ఉందేమో చూస్తారు. మడతలు బురదతో నిండిపోయి కనిపిస్తే, గడిచిన గంటల్లో కొంతసేపైనా నూనె వడపోత లేకుండా తిరిగి ఉండవచ్చు. అప్పుడు తర్వాతి మార్పును 50 గంటల దాకా ఆపకపోవడమే మంచిది.