కరోనా ముళ్లు ఎర్రగానే ఉంటాయా?

చి. చిన్నికీ, బాబీకీ అమ్మమ్మ ఆశీస్సులు.

బాబీ, నువ్వు గీసి పంపిన కరోనా బొమ్మ అందింది. బూడిదరంగు బంతి, దాని నిండా ఎర్ర ముళ్లు. వెనకాల "నిజంగా ఎర్రగానే ఉంటాయా అమ్మమ్మా?" అని రాశావు. ఉండవు నాన్నా. ఆ ఎరుపు రంగు, బొమ్మలు వేసేవాళ్లు పూసింది. వైరస్‌ని చూపించే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో నలుపూ తెలుపే గానీ రంగులు కనబడవు. ముళ్లు మాత్రం నిజమే. మనుషులకు సోకే కరోనా వైరస్‌లో వాటిని మొదట చూసినావిడ పేరు జూన్ అల్మేడా.

ఆవిడ 1930లో స్కాట్లాండులోని గ్లాస్గోలో పుట్టింది. నాన్న బస్సు డ్రైవరు. చిన్న తమ్ముడు డిఫ్తీరియాతో పోయాడు. చదువులో చురుకే, కాలేజీకి డబ్బు లేదు. పదహారేళ్లకే ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియనుగా చేరింది. నాలాగే అన్నమాట! నేను మలేరియా స్లైడులు చూస్తూనే రిటైరయ్యాను. మలేరియా క్రిమి మామూలు మైక్రోస్కోపుకు దొరుకుతుంది. వైరస్ దొరకదు. కరోనా అడ్డకొలత మిల్లీమీటరులో దాదాపు పదివేలో వంతు.

పెళ్లయ్యాక కెనడా వెళ్లి, టొరంటోలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పట్టింది. అందులో చూసినా తిప్పలే. ఏది వైరసో, ఏది చెత్తో తెలియదు. అందుకని టంగ్‌స్టన్ కలిసిన ద్రావణం వేసేవాళ్లు (పాత బల్బుల్లో తీగ ఆ లోహానిదే). నేల మీద ఆకు పెట్టి చుట్టూ బొగ్గుపొడి చల్లి, ఆకు తీసేస్తే ఏమవుతుంది? ఆకు ఆకారం తెల్లగా మిగులుతుంది. అలాగే నల్లటి ద్రావణం మధ్య వైరస్ లేతగా కనబడుతుంది.

రెండో కిటుకు నాకు మరీ ఇష్టం. వంటింట్లో ఆవాలు ఒలికితే ఒక్కొక్కటీ కంటికి ఆనదు, కుప్పగా చేరిస్తే ఇట్టే కనబడతాయి. మరి వైరస్‌లను కుప్ప చేసేదెవరు? జబ్బు చేసి తేరుకున్నవాళ్ల రక్తంలో యాంటీబాడీలుంటాయి. ఒక్కోదానికి రెండు చేతులు. ఈ చేత్తో ఒక వైరస్‌నీ ఆ చేత్తో ఇంకోదాన్నీ పట్టుకుంటే గుంపు తయారు. పైగా ఏ వైరస్ మీద పుట్టిన యాంటీబాడీ దాన్నే పడుతుంది కాబట్టి, అది ఏదో కూడా తెలిసిపోతుంది. జూన్ ఈ పద్ధతికి బాగా పదును పెట్టింది.

1964లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రి వైద్య కళాశాల వాళ్లు ఆవిణ్ణి రప్పించుకున్నారు. ఆ రోజుల్లో ఇంగ్లండులోని సాలిస్‌బరీ ఊరి దగ్గర జలుబు మీదే పరిశోధన చేసే కేంద్రం ఒకటుండేది. మనుషులు కావాలని వచ్చి, ముక్కులో చుక్కలు వేయించుకుని జలుబు తెచ్చుకునేవాళ్లు! దాన్ని నడిపే డేవిడ్ టైరెల్ దగ్గర హాస్టల్లో చదివే ఒక పిల్లాడి ముక్కు చీమిడి నమూనా ఉంది. పేరు బీ814. మామూలు పద్ధతుల్లో పెరగదు, కానీ చుక్క వేస్తే జలుబు వస్తుంది. కనబడని దొంగ.

నమూనా జూన్‌కి పంపారు. ఆవిడ చూడగానే, ఇలాంటిది నేనిదివరకే చూశానంది. కోళ్లకొచ్చే బ్రాంకైటిస్ అనే ఊపిరి గొట్టాల జబ్బులో ఒకసారి, ఎలుకల కాలేయం జబ్బులో ఒకసారి. (కోళ్ల ఫారం వాళ్లు ఆ కోళ్ల జబ్బుని "ఐబీ" అంటారు, అడిగితే టీకాతో సహా చెబుతారు.) వాటిని చూసినప్పుడే వ్యాసం రాసి పత్రికకి పంపితే, ఇవి ఇన్‌ఫ్లుయెంజా (ఫ్లూ జ్వరం) వైరస్‌కి సరిగా రాని ఫొటోలని తిప్పికొట్టారట. నాకది చదివి నవ్వొచ్చింది. మా పెద్ద డాక్టరొకాయన కూడా నా స్లైడు చూడకుండానే "నీకేం తెలుసు" అనేవాడు.

ముళ్లు చుట్టూ కిరీటంలా ఉన్నాయని, లాటిన్‌లో కిరీటాన్ని కరోనా అంటారు కాబట్టి ఆ పేరు పెట్టారు. 1968లో అది అచ్చులో వచ్చింది. తరువాత ఆవిడ పరిశోధనలనే చూసి లండన్ విశ్వవిద్యాలయం డాక్టరేట్ ఇచ్చింది.

1985లో ఉద్యోగం మానేశాక ఏం చేసిందో చెప్పనా చిన్నీ? యోగా టీచరయింది. అయినా ఎయిడ్స్ వైరస్ ఫొటోలు తీయాలంటే మళ్లీ వచ్చి చేయి వేసింది. 2007లో పోయింది.

బాబీ, నీ బొమ్మ ఫ్రిజ్ తలుపుకి అంటించాను. ఎరుపు చెరపలేదు, ఉండనీ. దసరా సెలవులకొచ్చినప్పుడు నలుపూ తెలుపుల్లో ఇంకోటి గీద్దాం, బొగ్గుపొడి నేను దాచి ఉంచుతాను.

మీ అమ్మమ్మ